కన్హార్ మట్టి, విజయనగరం మల్లె

మా ఊరు ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ పక్కనున్న చకర్‌భాటా. ఆ పేరులోనే మా నేల గుణం ఉంది. ఛత్తీస్‌గఢీలో భాఠా అంటే మిట్ట మీద ఉండే ఎర్ర గరప నేల. జానెడు తవ్వితే మొరం తగులుతుంది. ఎంత నీళ్ళు పోసినా నిమిషంలో ఇంకిపోతాయి. చాకర్ అంటే వెడల్పు. రెండూ కలిపి చకర్‌భాటా అంటే వెడల్పాటి గరప బీడు అని నేను అర్థం చెప్పుకుంటాను. మా ఊరి మీదుగా పోయే రైలు దారిలో రాయపూర్ వైపు వెళ్తే వచ్చే భాటాపారా పేరులోనూ వినిపించేది ఆ మాటే.

ఇక్కడి రైతు నేలను నాలుగు పేర్లతో పిలుస్తాడు. మిట్ట మీద భాఠా, దాని కింద పసుపు ఛాయతో మటాసీ, ఇంకా కిందికి డోర్సా, పల్లంలో నల్లటి బంక మట్టి కన్హార్. కన్హార్‌లో వరి పండుతుంది, ఆ తేమతోనే వరి కోశాక శనగో తివడా అనే పప్పుధాన్యమో ఎదుగుతుంది. భాఠాలో మాత్రం ఆరికలు, సామలు చల్లుకోవడం, లేదంటే పశువులకు వదిలేయడం. ఇలాంటి చోట ఇవాళ ఏ వీధిలోకి వెళ్ళినా మార్చి నెలలో గేట్ల మీద, గోడల మీద పూలు కనిపిస్తున్నాయంటే, వాటి వేళ్ళ కింద ఉన్న మట్టిని ఎవరో ఒకరు ఎక్కడి నుంచో మోసుకొచ్చి పోశారన్నమాట. ఆ మోసుకొచ్చినవాళ్ళ కథే ఈ ఊరి చరిత్ర అని నాకు అనిపిస్తుంది. మూడు తరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబం మాది. నేను చూసింది, మా మామ్మ దగ్గర విన్నది రాస్తున్నాను.

ఎవరూ మోసుకురానిది మొదటి పొర, దాని గురించి ముందు చెప్పాలి. మోదుగ, బూరుగు, ఇప్ప. రైలు కంటే, ఊరి కంటే ముందు నుంచీ ఈ మిట్టల మీద ఉన్న చెట్లు ఇవి. మోదుగను ఇక్కడ పరసా అంటారు. ఫిబ్రవరిలో ఆకు రాల్చేసి, మార్చి నాటికి చెట్టంతా నిప్పు రంగులో పూస్తుంది. హోలీకి ఆ పూలు నానబెట్టి రంగు తీసేవాళ్ళు. ఎండబెట్టిన పూలు నానితే నీళ్ళకు వచ్చేది కుంకుమపువ్వు లాంటి పసుపు. బట్ట మీద పడితే రెండు ఉతుకులకు పోతుంది, ఒంటికి మంట పెట్టదు. పరసా ఆకుతో కుట్టిన విస్తరిలో తినని పెళ్ళిభోజనం మా చిన్నప్పుడు లేదు.

బూరుగును సేమర్ అంటారు. మా ఇంటికి నాలుగు వందల అడుగుల దూరంలో ఒకటుంది. దాని కిందికి వెళ్ళి నిలబడితే పువ్వు రాలిన చప్పుడు వినిపిస్తుంది, ఏదో పండు పడినట్టు. చేతిలోకి తీసుకుంటే అరచేతికి సరిపోయేంత ఉంటుంది. అయిదు రేకులు, తోలులా మందం, లోపల కేసరాల కట్ట. అడుగున ఉన్న పచ్చటి గిన్నెలో తేనె నీళ్ళు నిలిచి ఉంటాయి. తెల్లవారుతూనే గోరువంకలు, కాకులు, ఉడతలు అక్కడ చేరి జాతర చేస్తాయి. ఏప్రిల్ ఆఖరుకు కాయలు పగిలి దూది ఎగురుతుంది. ఆ దూది ఏరి మామ్మ కుట్టిన తలగడ ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఇప్ప సంగతి వేరు. అది రాత్రి పూసి తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కే లోపల ఏరుకోవాలి. చెట్టు కింద రాలిన ఎండుటాకును ముందే ఊడ్చి శుభ్రం చేసుకుని, చీకట్లోనే బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు. ఊరి చుట్టుపక్కల ఇప్పటికీ వెళ్తున్నారు. ఆ పొద్దున గాలిలో ఉండే తియ్యటి ఘాటు వాసన ఒక్కసారి పీల్చినవాళ్ళు మరిచిపోరు.

రెండో పొర ఇక్కడి పల్లె ఇళ్ళ బారీ. ఇంటి వెనక పెరటిని కోలా అని, కూరగాయల దొడ్డిని బారీ అని అంటారు. నర్వా, గరువా, ఘురువా, బారీ (వాగు, పశువు, పెంటకుప్ప, దొడ్డి) ఈ నాలుగూ ఛత్తీస్‌గఢ్ గుర్తులు అని 2018 తరవాత రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకమే పెట్టింది. పథకం మాట అలా ఉంచితే, ఆ నాలుగూ ఒకదానికొకటి ఎలా ఆసరాగా ఉంటాయో ఈ ఊళ్ళో పాత బారీ ఒక్కటి చూసినా తెలుస్తుంది. పెంటకుప్పలో మాగిన ఎరువు దొడ్డికి, దొడ్డిలో మిగిలిన ఆకు పశువుకు. వసంతంలో బారీలో ఉండేది మునగ పూత, మామిడి పూత, బోహార్. బోహార్ అంటే మన నక్కెర చెట్టు. మన వైపు దాని కాయతో ఊరగాయ పెట్టుకుంటారు. ఇక్కడివాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేది దాని లేత ఆకు కోసం, మొగ్గల కోసం. పులుపు వేసి వండుకుంటారు. పట్టుమని మూడు నాలుగు వారాలే దొరుకుతుంది. ఆ రోజుల్లో బజార్లో దాని ధర విన్న మనవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. నేను తిన్న ఆకుకూరల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

మూడో పొర రైలుతో వచ్చిన మనవాళ్ళది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి అసన్సోల్ దాకా వాళ్ళు వేసిన దారి 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్ జంక్షనయింది, దాఢాపారా తరవాతా బిల్హాకు ముందూ చకర్‌భాటాకు ఒక చిన్న స్టేషన్ వచ్చింది. అదే కంపెనీ విజయనగరం వైపు నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ దాకా వేసిన దారి 1931లో పూర్తయింది. మన ఉత్తరాంధ్ర వాళ్ళకు బిలాస్‌పూర్ దగ్గరి ఊరయింది ఆ దారి వల్లనే. గ్యాంగుల్లో, షెడ్డుల్లో, క్యాబిన్లలో తెలుగువాళ్ళు చేరారు. కోర్బా–విశాఖపట్నం బండి ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తోంది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడ్డాక వచ్చినవాళ్ళు వేరే తరం.

మా తాత 1950ల చివర్లో గ్యాంగ్‌మన్‌గా వచ్చారు. అప్పటికి కంపెనీ పేరు పోయి ఆగ్నేయ రైల్వే అయింది. మామ్మ రెండేళ్ళ తరవాత వచ్చింది. ఆమె తెచ్చిన ట్రంకుపెట్టెలో బట్టల కింద తడిపిన గోనెగుడ్డ, అందులో చుట్టిన మల్లె కొమ్మలు, కనకాంబరం నారు, మరువం, చిన్న మూటలో గోంగూర విత్తనాలు. విజయనగరం పక్కన పుట్టింటి పెరటివి. క్వార్టర్ ముందు గొయ్యి తీసి అన్నీ పాతింది. గోంగూర ఒక్కటి బతికింది. మిగతావన్నీ మే నెలలో మాడిపోయాయి. బిలాస్‌పూర్ ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటుతుందని, మధ్యాహ్నం వడగాలి తలుపులు తోస్తుందని ఆమెకు తెలియదు. గరప నేల నీటిని పట్టి ఉంచదనీ తెలియదు.

దారి చూపింది పక్క పల్లెలో పాలు పోసే ఒక ముసలమ్మ. మామ్మ ఆమెను దాయీ అని పిలిచేది. దాయీకి తెలుగు రాదు, మామ్మకు అప్పటికి ఛత్తీస్‌గఢీ రాదు. దాయీ గొయ్యిలో మట్టి పిడికెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి రాలిపోనిచ్చి తల అడ్డంగా ఊపింది. మర్నాడు ఎండిన చెరువు అడుగు నుంచి నల్లమట్టి గంపతో తెచ్చి, తడిపి ముద్ద చేసి చూపించింది. అది విడిపోలేదు. కన్హార్, అంది. మామ్మ నేర్చుకున్న మొదటి ఛత్తీస్‌గఢీ మాట అది. ఆ వేసవిలోనే, వానలు పడే లోపల తాత ఎడ్లబండి మాట్లాడి రెండు బళ్ళ చెరువు మట్టి తోలించారు. మూడడుగుల గోతులు తీసి, మొరం బయట పోసి, చెరువు మట్టి, గెత్తం (మాగిన పశువుల ఎరువు) కలిపి నింపారు. తరవాతి ఏడు పుట్టింటి నుంచి మళ్ళీ కొమ్మలు వచ్చాయి. ఇప్పుడు మా ఇంటి ముందున్న మల్లె ఆ కొమ్మల సంతతి. క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఇంటికి మారినప్పుడు నేలంటు తొక్కి తెచ్చుకున్నాం, మట్టితో సహా.

ఈ మల్లె పని మామ్మ చేసేటప్పుడు చూడటానికి చుట్టుపక్కల వాళ్ళు వచ్చేవాళ్ళు. సంక్రాంతి దగ్గరికొస్తుంటే ముందు నీళ్ళు ఆపేసేది. పొదను తాడుతో కట్టి, తరవాత ఒక్కో కొమ్మా పట్టుకుని పై నుంచి కిందికి ఆకు దూసేది. కొనలు కత్తిరించి పొదను మోకాలెత్తుకు తెచ్చేది. పాదు తవ్వి వేళ్ళకు పది పన్నెండు రోజులు ఎండ తగలనిచ్చేది. మొదటిసారి చూసిన దాయీ మొక్కను చంపేస్తోందని గోల పెట్టిందట. తరవాత గెత్తం వేసి, పాదు కప్పి, నిండుగా నీళ్ళు. శివరాత్రి నాటికి ప్రతి కణుపు దగ్గరా చిగురు, ఆ చిగురు కొసన మూడేసి మొగ్గలు. దూయని మొక్క ఆకుతో ఏపుగా ఉంటుంది, పువ్వు నాలుగు రోజుల ముచ్చట. దూసిన మొక్క మార్చి నుంచి మే దాకా పూస్తుంది. ఇక్కడివాళ్ళు మల్లెను మోంగ్రా అంటారు, దేవుడికి పెడతారు. తలలో దండ పెట్టుకునే అలవాటు మన ఆడవాళ్ళకు ఉన్నంత ఇక్కడ లేదు. సాయంత్రం స్టేషన్ వైపు నుంచి మల్లెల వాసన వస్తే తెలుగువాళ్ళు వస్తున్నారని గుర్తు పట్టేవాళ్ళట.

నాలుగో పొర సింధీలది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ విమానాలు దిగే మైదానం కట్టారు. భాఠా నేల చదునుగా గట్టిగా ఉండడం దానికి కలిసొచ్చి ఉండాలి. దేశ విభజన తరవాత సింధ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. చకర్‌భాటా క్యాంప్ అనే మాట ఇప్పటికీ నోళ్ళలో ఉంది. పెరళ్ళు వదిలి వచ్చినవాళ్ళు కదా, వాళ్ళకు మొదట్లో నేలే లేదు. నా చిన్నప్పుడు వాళ్ళ వీధిలో తోటంతా నూనె డబ్బాల్లోనే ఉండేది. మెట్ల మీద, కిటికీ చువ్వల కింద, మేడ గోడ మీద వరసగా డబ్బాలు. ఒక దాంట్లో మోగ్రా, ఒక దాంట్లో తులసి, ఒక దాంట్లో గులాబి. తరవాత సొంత గేట్లు వచ్చాక వాటి మీదికి మధుమాలతి పాకించారు. మనం రాధామనోహరం అంటాం. ఆ గుత్తిని సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడో నాడు ఒకసారి చూడండి. తెల్లగా విప్పిన పువ్వు గులాబి అయి, ఎరుపు అవుతుంది. ఒకే గుత్తిలో మూడు రోజుల పూలు మూడు రంగుల్లో ఉంటాయి. తెల్లగా ఉన్న మొదటి రాత్రి దాని కోసం వచ్చేవి పొడుగు నాలుక చిమ్మెటలు.

చైత్రం మొదలయ్యే ఆ రెండు రోజుల్లో మా ఊరు మొత్తం పూల కోసం వీధుల్లోకి వస్తుంది. పాడ్యమి నాడు మనకు ఉగాది. అదే రోజు ఇక్కడివాళ్ళకు నవరాత్రి మొదలు. జవారా అనే మొలకల కోసం మట్టిలో గోధుమలు చల్లుతారు, రతన్‌పూర్ మహామాయ గుడికి కాలినడకన బయల్దేరతారు. అదే రోజునో మర్నాడో సింధీల కొత్త సంవత్సరం చేటీచాంద్, వాళ్ళ దేవుడు ఝూలేలాల్ ఊరేగింపు, దీపాల పక్కన పూలు. మూడు ఇళ్ళ వాళ్ళూ పొద్దున్నే ఒకరి పెరట్లోకి ఒకరు వెళ్ళి అడిగి కోసుకోవడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మాకు వచ్చే చిక్కల్లా వేప పువ్వుతోనే. ఇక్కడ వేప బాగా పూసేది మార్చి ఆఖరులో, ఏప్రిల్‌లో. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, పువ్వుకు కొదవ లేదు. 2026లో లాగా మార్చి 19నే వస్తే చెట్టు ఇంకా చిగురులోనే ఉంటుంది. అలాంటి ఏడు ఎవరో ఒకరు బండిలో విజయనగరం నుంచి పొట్లం తెస్తారు. అది పది ఇళ్ళకు చిటికెడు చిటికెడు పంచుకుంటాం.

ఇప్పుడు ఊరు వేరుగా ఉంది. పక్కన బోద్రిలో హైకోర్టు. యుద్ధకాలపు మైదానమే 2021 మార్చి 1 నుంచి బిలాసా దేవి కేవట్ పేరుతో విమానాశ్రయంగా నడుస్తోంది. బిలాస్‌పూర్‌కు పేరిచ్చిన బెస్త వనిత ఆమె. రాయపూర్ రోడ్డు వెడల్పయింది, దాని పక్కనున్న పెద్ద చెట్లు చాలా పోయాయి. ఊరు పెరగకూడదని నేననను. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు గేటు నుంచి గోడ దాకా సిమెంటు పోసేస్తున్నారు, అదే నా బాధ. ఆ సిమెంటు కింద పోతున్నది గరప అయితే పరవాలేదు. మా పాత క్వార్టర్ల వైపు పోతున్నది తాతలు బళ్ళ మీద తోలించిన కన్హార్. అరవై ఏళ్ళు గెత్తం తిని నల్లబడిన మట్టి మళ్ళీ తేవాలంటే దొరకదు. చెరువుల అడుగున కూడా ఇప్పుడు అలాంటి మట్టి తక్కువ.

ఇల్లు కట్టుకునేవాళ్ళు ఒక మూల నాలుగడుగుల చోటైనా వదలండి. పాత పెరడు తవ్వాల్సి వస్తే ఆ పైమట్టిని కంకరతో కలిపి పారబోయించకండి, కబురు చేస్తే మేం నలుగురం తట్టలు పట్టుకుని వస్తాం. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఏ మొక్క ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో అడిగి ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మా మల్లె ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన వారానికి మొగ్గ వేసింది. అయిదు కొమ్మలు నేలంటు తొక్కి ఉంచాను, వానలు పడ్డాక ఎవరైనా వచ్చి తీసుకెళ్ళవచ్చు. మట్టి కూడా ఇస్తాను.