గుడారాల బడి.. స్కౌట్ శిబిరం

యూనిఫాం, మెడలో స్కార్ఫు, జెండా పండుగనాడు కవాతు.. స్కౌట్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి ఇవే. కానీ ఈ ఉద్యమం పుట్టింది ఒక చిన్న దీవిలో వేసిన గుడారాల నడుమ. పిల్లలు తమ వంట తామే వండుకొని, తమ దారి తామే వెతుక్కొని, ఒకరి బాధ్యత మరొకరు మోసే నాలుగు రోజుల శిబిరమే స్కౌటింగ్‌కు ఆయువుపట్టు. వంటవారిని వెంటబెట్టుకొని, బస్సులో నాలుగు చోట్లు చూసి వస్తే అది విహారయాత్ర అవుతుంది. శిబిరానికీ విహారయాత్రకూ ఉన్న తేడా ఏమిటి, పిల్లలను పంపే ముందు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఏయే విషయాలు తెలుసుకోవాలి అన్న అంశాలపై సమగ్ర కథనం.

బ్రౌన్‌సీ దీవిలో తొలి అడుగు

దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణం 1899-1900లో 217 రోజులపాటు ముట్టడిలో చిక్కుకుంది. అప్పుడు సందేశాలు చేరవేయడం వంటి పనులను అక్కడి బాలురు సమర్థంగా నిర్వహించారు. బాధ్యత అప్పగిస్తే పిల్లలు నిలబెట్టుకోగలరన్న నమ్మకం ఆ పట్టణ రక్షణకు నాయకత్వం వహించిన బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బేడెన్ పావెల్‌కు అక్కడే బలపడింది. ఆ నమ్మకాన్ని పరీక్షించేందుకు 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని పూల్ రేవులో ఉన్న బ్రౌన్‌సీ దీవిలో ఆయన ప్రయోగాత్మక శిబిరం నిర్వహించారు. సంపన్నుల పాఠశాలల విద్యార్థులను, స్థానిక కార్మిక కుటుంబాల పిల్లలను కలిపి సుమారు ఇరవై మందిని ఎంపిక చేశారు. తోడేలు, ఎద్దు, మాలకాకి, కర్ల్యూ అనే తీరపక్షి పేర్లతో నాలుగు జట్లుగా విభజించారు. శిబిర జీవనం, పరిశీలన, అడవి విద్య, ప్రాణరక్షణ వంటి అంశాలను రోజుకొకటి చొప్పున నేర్పారు. మరుసటి ఏడాది, 1908లో, ఆయన రచించిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' ఆరు భాగాలుగా వెలువడింది. పుస్తకం కంటే ముందు శిబిరం వచ్చిందన్నది గమనించవలసిన విషయం.

మన దేశంలో..

భారతదేశంలో తొలి స్కౌట్ ట్రూప్ 1909లో బెంగళూరులో ఏర్పడింది. అయితే ఆరంభంలో భారతీయ బాలురకు అందులో ప్రవేశం లేదు. ఈ వివక్షకు సమాధానంగా మద్రాసులో అనిబిసెంట్, జి.ఎస్. అరండేల్, ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి వేర్వేరుగా స్వదేశీ స్కౌట్ సంఘాలను స్థాపించారు. స్వాతంత్ర్యానంతరం, 1950 నవంబరు 7న, స్కౌట్ సంఘాలు ఒక్కటై 'భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్' ఆవిర్భవించింది. 1951 ఆగస్టు 15న బాలికల గైడ్స్ సంఘం అందులో చేరింది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఈ సంస్థకు జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. ప్రవేశ్‌తో మొదలయ్యే స్కౌట్ ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు దాటి రాజ్య పురస్కార్‌కు, ఆపై రాష్ట్రపతి పురస్కార్‌కు అర్హత సాధించాలి. ఈ మెట్లలో ముడులు, ప్రథమ చికిత్స, వంట, దిక్కులు గుర్తించడం, కాలినడక ప్రయాణం, శిబిర జీవనం భాగంగా ఉంటాయి. వీటిని తరగతి గదిలో కంఠస్థం చేయించి ధ్రువపత్రం ఇప్పించవచ్చు. కానీ వాన కురిసే రాత్రి గుడారం తాడు ఊడినప్పుడు ఆ ధ్రువపత్రం అక్కరకు రాదు.

జట్టే ప్రాణం

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు కలిసి ఒక జట్టు. అలాంటి కొన్ని జట్లు కలిస్తే ట్రూప్. ప్రతి జట్టుకూ వారిలో ఒకరే నాయకుడు. నీళ్ళు తేవడం ఒకరిది, కట్టెలు ఏరడం మరొకరిది, సామగ్రి లెక్క ఇంకొకరిది. ప్రథమ చికిత్స పెట్టె బాధ్యత ఒకరికి ప్రత్యేకంగా ఉంటుంది. పనులు రోజూ మారుతూ ఉంటాయి. జట్టు నాయకులు, స్కౌట్ మాస్టర్ కూర్చొని మంచిచెడ్డలు చర్చించే వేదికను 'గౌరవ సభ' అంటారు.

అన్నం మాడితే ఆ పూట మాడిన అన్నమే తినాలి. స్కౌట్ మాస్టర్ వెంటనే గరిటె అందుకుంటే పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. అలాగని ఆయన పక్కకు తప్పుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఏ తప్పును జరగనివ్వాలి, దేనిని ముందే ఆపాలి అన్న వివేచనే శిబిర నిర్వాహకుని అసలు అర్హత. అన్నం మాడవచ్చు.. పిల్లవాడు లోతు తెలియని నీటిలో దిగరాదు.

నేల, నీరు, నీడ

స్థలం ఎంపికతోనే శిబిరం సగం నెగ్గుతుంది. కాస్త ఎత్తుగా, నీరు నిలవని నేల కావాలి. ఎండిన వాగు ఇసుక మెత్తగా, చదునుగా కనిపించినా గుడారానికి పనికిరాదు. ఎగువన ఎక్కడో కురిసిన వానకు అర్ధరాత్రి వాగు పొంగవచ్చు. ఒంటరి చెట్టు కింద పిడుగు భయం. ఎండుకొమ్మలున్న చెట్టు కింద కొమ్మ విరిగిపడే ప్రమాదం. మరుగుదొడ్డి గుంతను నీటి వనరుకు కనీసం 200 అడుగుల దూరంలో, వాలుకు దిగువన తవ్వాలి. తాగునీటిని మరిగించి చల్లార్చి వాడాలి.

కాలం కూడా ముఖ్యమే. తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రాంతాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. అయితే నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు-డిసెంబరు నెలలు ఈశాన్య రుతుపవనాల వానల కాలం. అరకు, ఆదిలాబాద్ వంటి చోట్ల శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు పడిపోతుంది. పలుచని దుప్పటితో వెళ్ళిన పిల్లలు నిద్రకు దూరమవుతారు. రక్షిత అటవీ ప్రాంతాల్లో, ముఖ్యంగా నాగార్జునసాగర్-శ్రీశైలం వంటి పులుల అభయారణ్యాల పరిధిలో, అటవీశాఖ అనుమతి లేకుండా బస చేయరాదు.

ఎంత పెద్ద ఏర్పాటైనా ఈ మూడూ కుదరకపోతే ఏమవుతుందో 2023 ఆగస్టులో ప్రపంచం చూసింది. దక్షిణ కొరియాలోని సెమాన్‌గుమ్‌లో, సముద్రాన్ని పూడ్చి చదును చేసిన నేలపై, జరిగిన ప్రపంచ స్కౌట్ జాంబోరీకి 40 వేలమందికి పైగా హాజరయ్యారు. నీడ కరవై, ఎండ తీవ్రతకు వందలమంది అస్వస్థులయ్యారు. బ్రిటన్, అమెరికా బృందాలు ముందుగానే శిబిరం వీడాయి. చివరకు తుపాను ముంచుకురావడంతో మిగిలినవారినీ తరలించారు.

తాడు, ముడి, గుడారం

స్కౌట్ విద్యలో ముడులకు పెద్దపీట వేయడానికి కారణం ఉంది. ఒక్కో ముడికి ఒక్కో పని. సమాన మందం గల రెండు కొసలను, కట్టుగుడ్డ చివరలను కలపడానికి రీఫ్ నాట్. మందంలో తేడా ఉన్న తాళ్ళను కలపడానికి షీట్ బెండ్. కర్రకు తాడు బిగించి కట్టు ప్రారంభించడానికి క్లోవ్ హిచ్. బరువు పడినా బిగుసుకుపోని ఉచ్చు కావాలంటే బౌలైన్. ఆపదలో ఉన్న మనిషిని పైకి లాగేందుకు ఇదే ఆధారం. అదే పనికి జారుముడి వేస్తే ఊపిరి ఆగుతుంది. ఈ ముడులతో వెదురు కర్రలు కట్టి పాత్రల అల్మర, చెప్పుల స్టాండు, బట్టల దండెం పిల్లలే తయారు చేసుకుంటారు. మేకు ఒక్కటీ అక్కరలేదు. సామాను నేలమీద పరచకుండా వీటిపై ఉంచితే తడవదు, పురుగూ పుట్రా చేరవు.

చుక్కలే దారిదీపాలు

దిక్సూచి, పటం వాడకంతో పాటు ఆకాశాన్ని చదవడం నేర్పుతారు. సప్తర్షి మండలంలోని పులహ, క్రతువులను కలిపే గీతను ఆ రెంటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం చేరుతాము. ఒక ప్రాంతం అక్షాంశం ఎంతో, క్షితిజం నుంచి ధ్రువ నక్షత్రం దాదాపు అంత ఎత్తున కనిపిస్తుంది. శ్రీశైలంలో సుమారు 16 డిగ్రీలు, హైదరాబాద్‌లో 17 డిగ్రీలకు పైన. అంటే మన ప్రాంతంలో అది బాగా కిందుగా ఉండి, కొండలు, చెట్ల చాటున దాగిపోవచ్చు. శీతాకాలపు తొలిరాత్రి సప్తర్షులు కనిపించనప్పుడు ఉత్తరాన ఉండే శర్మిష్ఠ రాశి సాయం చేస్తుంది.

రాళ్ళు, పుల్లలతో దారి గుర్తులు పెట్టడం మరో విద్య. వలయం మధ్యలో చుక్క పెడితే 'ఇంటికి వెళ్ళిపోయాను' అని అర్థం. కెన్యాలోని న్యేరీలో 1941లో కన్నుమూసిన బేడెన్ పావెల్ సమాధిపై చెక్కింది ఈ గుర్తునే.

ప్రమాదాల పట్ల జాగరూకత

నీరు: బియాస్ నదీ దుర్ఘటనను తెలుగువారు మరువలేరు. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 జూన్ 8న నదిలో దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి నీరు విడుదల కావడంతో కొట్టుకుపోయి మరణించారు. అది స్కౌట్ శిబిరం కాకపోయినా పాఠం అందరికీ ఒక్కటే. ఆనకట్ట దిగువన ప్రశాంతంగా కనిపించే ప్రవాహాన్ని నమ్మరాదు. నీటిలో దిగాలంటే ముందుగా లోతు పరీక్షించాలి. ఈత తెలిసిన పెద్దలు గట్టుపై తాడుతో సిద్ధంగా ఉండాలి. పిల్లలను జంటలుగా లెక్కించి దింపి, మళ్ళీ లెక్కించి తేవాలి.

పాము: కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటు వేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా లేకపోవడంతో కాటు పడిన సంగతే తెలియకపోవచ్చు. దోమతెర అంచులను పడక కిందికి మడిచి పడుకోవడం మంచి రక్షణ. కాటు వేసినచోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయరాదు. బాధితుని నడిపించకుండా, కాటుపడిన భాగం కదలకుండా చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఆరంభమైన 108 అంబులెన్స్ సేవ రెండు రాష్ట్రాల్లోనూ అందుబాటులో ఉంది. శిబిర స్థలంలో ఫోను సంకేతం అందుతుందో లేదో, సమీప ఆసుపత్రి ఎంత దూరమో ముందే చూసి రావాలి.

నిప్పు: ఎండుకట్టెలే వాడాలి, పచ్చికొమ్మ విరవరాదు. వేసవిలో ఎండుగడ్డి ఉన్నచోట పొయ్యి పెట్టరాదు.

శిబిర జ్వాల

రాత్రి మంట చుట్టూ చేరి పాటలు, చిన్న నాటికలు, కథలతో గడిపే కార్యక్రమమే శిబిర జ్వాల. ప్రతి జట్టూ ఏదో ఒకటి ప్రదర్శించాలి కాబట్టి తరగతిలో నోరు విప్పని పిల్లవాడు కూడా ఇక్కడ నలుగురి ముందు నిలుచుంటాడు. జ్వాల ఆరాక బూడిదపై నీళ్ళు పోసి, చేయి ఆనించి చల్లబడిందో లేదో చూడాలి. గుంతలు పూడ్చి, కాగితం ముక్కతో సహా చెత్త ఏరి వెంట తీసుకురావాలి. అక్కడ శిబిరం జరిగిన జాడ మిగలకపోవడమే మంచి ట్రూప్‌కు గుర్తు.

తల్లిదండ్రులు అడగవలసినవి

పంపాలా వద్దా అని సందేహించే తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు వేయాలి. శిబిర స్థలాన్ని నిర్వాహకులు ముందుగా వెళ్ళి చూశారా? స్కౌట్ మాస్టర్ శిక్షణ పొందినవారేనా? బాలికల శిబిరమైతే గైడ్ కెప్టెన్ వెంట ఉన్నారా? స్కౌట్స్ జిల్లా సంఘానికి, పాఠశాలకు లిఖితపూర్వక సమాచారం ఉందా? పిల్లల అలర్జీలు, వాడే మందుల వివరాలు సేకరించారా? అత్యవసర వాహనం ఉందా? నీటి వద్దకు తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే రక్షణ ఏమిటి? వీటికి తడుముకోకుండా జవాబు వస్తే నిశ్చింతగా పంపవచ్చు. జవాబు రాకుంటే శిబిరాన్ని వాయిదా వేయమని కోరడంలో తప్పులేదు.

చివరగా మరొక్క ప్రశ్న.. వంట ఎవరు చేస్తారు? 'పిల్లలే' అన్న సమాధానం వస్తే అది నిజంగా స్కౌట్ శిబిరమేనని భావించవచ్చు.