తిరిగే చోటు ఎక్కడ?

పొద్దున్న ఆరున్నర. బొలేరో గాజువాక జంక్షన్ దాటింది. వెనక సీట్లో మీరున్నారు. మీ ఒళ్ళోంచి అవతలి కిటికీ దాకా మడత పెట్టిన ఫైబర్ కొలకర్ర అడ్డంగా ఉంది. బ్రేకు పడినప్పుడల్లా దాని కొన వచ్చి మీ మోచేతికి తగులుతోంది. ముందు సీట్లో గురువుగారు. ఆయనకి వేరే పేరు ఉండే ఉంటుంది గానీ డ్రైవరూ క్లీనరూ ఆ మాట తప్ప ఇంకోటి వాడరు.

వెనకాల పోర్టులో హైడ్రాలిక్ ట్రైలర్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి కూర్చుని ఉంది. లోపలి మండలంలో కడుతున్న సబ్‌స్టేషన్‌కి అది చేరాలి. రోడ్డు నుంచి దాని నెత్తి దాకా 5.1 మీటర్లు. మామూలు లారీకి చట్టం ఒప్పుకునే ఎత్తు 4 మీటర్లు, అదీ 2020లో 3.8 నుంచి పెంచాక. కంటైనరు మోసే ట్రైలర్‌కైతే 4.52. ఆ గీతలన్నీ దాటేసిన సరుకుని ఈ లైన్లో ఓడీసీ అంటారు. ఓడీసీ కదలాలంటే ముందుగా ఎవరో ఒకరు ఆ దారంతా వెళ్ళి కొలిచి రావాలి. ఈ రోజు మీరు ఎక్కింది ఆ కొలిచే బండి.

ఇందులో రోడ్డు చూసేది డ్రైవరు ఒక్కడే. మిగతా ముగ్గురూ పైకే చూస్తుంటారు. ఈ హైవే మీద మీరు ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు, కానీ నెత్తి మీద ఇన్ని వేలాడుతున్నాయని ఈ రోజే తెలుస్తుంది. దారి చూపే పెద్ద పెద్ద బోర్డుల ఇనుప కమానులు, సిగ్నల్ చేతులు, ఈ మేడ నుంచి ఆ మేడకి లాగిన కేబుల్ తీగలు, ఎప్పటి పండగదో తెలియని తోరణం, రోడ్డు మీదికి వంగిన రావి కొమ్మ. కూర్మన్నపాలెం వచ్చేసరికి మీ మెడ పట్టేస్తుంది.

"ఏటి బాబూ, అప్పుడేనా? ఇంకా రోడ్డు దిగనే నేదు," అని నవ్వుతారు గురువుగారు.

కాలినడక వంతెన ఒకటి వస్తుంది. దాని మీది బోర్డు 5.5 మీటర్లు అంటోంది. మీరు మనసులోనే తీసివేసుకుంటారు, నలభై సెంటీమీటర్ల ఖాళీ. ఇక్కడ ఆగడం దేనికని అడుగుతారు కూడా. ఆయన జవాబు చెప్పకుండా దిగిపోతారు. క్లీనరు కొలకర్ర లాగి, చివరికంటా సాగదీసి, వంతెన అడుగుకి ఆనిస్తాడు. ఎడమ పక్కన ఒకసారి, మధ్యలో ఒకసారి, కుడి పక్కన ఒకసారి. మూడుసార్లూ మూడు అంకెలు! వాన నీళ్ళు పోవడానికి రోడ్డు మధ్యలో ఉబ్బుగా వేస్తారు కాబట్టి మధ్యలో ఎత్తు తక్కువ. పైగా ఈ రోడ్డు మీద కొత్త తారు పొర పడింది. పాతది గీకి తీయకుండా దాని మీదే పొర వేస్తే వంతెన ఎక్కడిదక్కడే ఉంటుంది, రోడ్డు మాత్రం పైకి జరుగుతుంది. బోర్డు మీది అంకెని దిద్దడానికి ఎవరూ నిచ్చెన ఎక్కరు.

"బోర్డు పెట్టిన రోజున నిజవే బాబూ," అంటారాయన, మూడింట్లో తక్కువ అంకెని నోటుబుక్కులో రాసుకుంటూ.

ఆ పుస్తకంలో మూడు గళ్ళున్నాయి. మొదటిది చోటు, రెండోది ఎత్తు. మూడో గడిలో ఆయన ఎత్తు కంటే ఎక్కువ సేపు ఆలోచించి ఏదో రాస్తున్నారు. మీరు మెడ చాచి చూస్తారు. ‘వెనక పెట్రోలు బంకు, 600 మీ., ఎడమ’ అని ఉంది. ఈ వంతెన కింద బండి పట్టదని చివరి నిమిషంలో తేలితే ట్రైలరు తిరగడానికి వీలున్న ఆఖరి చోటు అది. ముందు లాగే పుల్లరు, వెనక వరసగా ఇరుసులు, ఆ వెనక హారన్లు కొట్టే జనం. అలాంటి బండిని రివర్సులో తేవడం అరగంట పని కాదు, ఒక్కోసారి అసలు అయ్యే పనే కాదు. ఎత్తు కొలిచేవాళ్ళు చాలామంది ఉంటారని, దారి తెలిసినవాడు మాత్రం ఈ మూడో గడి నింపుతాడని మీకు క్రమంగా అర్థమవుతుంది.

కొంచెం ముందుకి వెళ్ళాక రోడ్డు లోతుగా దిగి, ఓ వంతెన కింది నుంచి మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఇక్కడ కొలకర్ర నిలబెట్టి ఊరుకుంటే మోసపోతారు. గురువుగారు అరచెయ్యి గుంటలా వంచి దాని మీద పెన్సిలు అడ్డంగా పెట్టి చూపిస్తారు. పెన్సిలు రెండు కొసలూ చెయ్యి అంచుల మీద ఆనాయి, నడుం గాల్లో ఉంది. ట్రైలర్ ముందు చక్రాలు ఎగువకి ఎక్కడం మొదలెట్టి, వెనక చక్రాలు ఇంకా దిగువకి దిగుతూ ఉన్నప్పుడు మధ్యలోని సరుకు గుంట మీద తేలి ఉంటుంది. అంటే కర్ర చెప్పిన ఖాళీలోంచి ఆ తేలిన మేరకి కోత పడుతుంది. బండి ఎంత పొడుగుంటే కోత అంత ఎక్కువ. హైడ్రాలిక్ ఇరుసులున్న ట్రైలర్‌కి ఒక సౌకర్యం ఉంది, పలకని కొంత దించుకోవచ్చు. మామూలు లారీకి ఆ వీలు లేదు. పైగా దానికి తిరుగు ప్రయాణంలో ఇంకో గండం. లోడుతో వెళ్ళినప్పుడు చక్రాల మీది కమాన్ పట్టీలు అణిగి ఉంటాయి, సరుకు దించేశాక పైకి లేస్తాయి. పొద్దున్న సాఫీగా దూరిన చోటే సాయంత్రం ఖాళీ బండి నెత్తి రాసుకుంటుంది.

లంకెలపాలెంలో టీ. మీ ముందు నుంచి వరిగడ్డి లారీ ఒకటి ఊగుతూ పోతోంది. గడ్డి మీద ఒక కుర్రాడు వెదురు కర్రతో నిలబడి, అడ్డొచ్చిన తీగని ఎత్తి పట్టుకుంటూ, లారీ దాటాక వదిలేస్తున్నాడు. ఆ తీగ కేబుల్ టీవీదో కరెంటుదో వాడికి దూరం నుంచే తెలిసిపోతుందట. తెలియని రోజు ఏమవుతుందో పేపర్లో ప్రతి కోతల కాలంలోనూ చదువుతూనే ఉన్నాం, నడిరోడ్డు మీద తగలబడిన గడ్డి లారీ ఫొటోతో సహా.

క్లీనరు ఫోన్లో ఏదో చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. అమెరికాలో ఒక రైలు వంతెన. దాని కింద దూరిన ట్రక్కు పైకప్పు మొత్తం చుట్టలా ఊడి వచ్చేస్తోంది. నార్త్ కరోలినాలోని డర్హాం ఊళ్ళో ఉన్న ఈ వంతెన ఎత్తు ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలు. ఇలా నెత్తులు గీకించుకున్న బండ్ల వీడియోలతోనే దానికి పేరొచ్చింది. ఆ చుట్టుపక్కల మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా బోలెడంతమంది ఉన్నారు కాబట్టి, అద్దె ట్రక్కులో ఇల్లు మారేటప్పుడు దాన్ని తలుచుకునే ఉంటారు. 2019లో వంతెనని 8 అంగుళాలు పైకి లేపారు. అయినా గుద్దేవాళ్ళు గుద్దుతూనే ఉన్నారు. గురువుగారు వీడియో చూసి నవ్వలేదు. వంతెన ముందు సిగ్నలు దగ్గర వెలుగుతున్న బోర్డు మీద వేలు పెట్టారు. ఎత్తు మించిన బండి వస్తే సెన్సారు పసిగట్టి ఎర్ర లైటు వేస్తుంది, పక్కకి తిరగమని చెబుతుంది. "అక్కడ తిరగడానికి సందుంది. మనకాడ గడ్డరుకి పసుపు నలుపు గీతలేసి వదిలేస్తారు. తిరిగే చోటేదీ?"

ఆయన ఏ గడ్డరు గురించి అన్నారో అనకాపల్లి చేరేసరికి చెప్పారు. 2025 మార్చిలో విజయరామరాజుపేట దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి ముందున్న రక్షణ గడ్డర్ని క్వారీ రాయి మోసుకెళ్తున్న లారీ ఢీకొట్టింది. అసలు ఆ గడ్డరు అక్కడుండేదే దెబ్బ తాను తిని వంతెనని కాయడానికి. కానీ ఆ దెబ్బకి పైనున్న పట్టాలు పక్కకి జరిగాయి. విశాఖ, విజయవాడ మధ్య రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒక్క లారీ, ఒక్క గడ్డరు, వేలమంది స్టేషన్లలో.

ఇక హైవే దిగుతారు. అసలు పని ఇప్పుడు మొదలు. హైవే మీద వంతెన కట్టినవాడికి ఒక కొలత పుస్తకమైనా ఉంటుంది. ఊళ్ళోకి వెళ్తే ముఖద్వారం ఆర్చీలు వస్తాయి, ఎవరి జ్ఞాపకార్థమో సిమెంటు దేవుళ్ళతో సహా. ఏ ఆఫీసు రికార్డులోనూ వాటి ఎత్తుండదు, ఆగి కొలుచుకోవాల్సిందే. ఫోన్లోని మ్యాపు మీరు ఎటు వెళ్ళాలో అడుగుతుంది గానీ, ఏ ఎత్తు బండిలో వెళ్తున్నారో అడగదు. అది ఇప్పుడు ‘మూడు కిలోమీటర్లు ఆదా’ అంటూ ఎడమకి తిప్పమంటోంది. డ్రైవరు ముందుకి పోయి చూపిస్తాడు. రైలు కట్ట కింద సిమెంటు పెట్టెలా కట్టిన చిన్న సబ్‌వే, ముందు ఇనుప గేజి. లిమిటెడ్ హైట్ సబ్‌వే అని దాని పేరులోనే ఉంది. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి నాటికి తీసేశారు. రైలు కింద మనుషులు పడకుండా అది మంచి పనే. కానీ చాలాచోట్ల గేటుకి బదులు వచ్చినవి ఇవి. ఆటోలూ ట్రాక్టర్లూ దూరతాయి, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. లారీవాడికి మాత్రం ఒక దారి మూసుకుపోయింది. ఈ సబ్‌వే ముందు మూడో గడిలో గురువుగారు రాసింది రెండే మాటలు: ‘తిరగదు. రావద్దు.’

మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ దంచేస్తోంది. రోడ్డుకి అడ్డంగా 11 కేవీ లైను. నిబంధన ప్రకారం రోడ్డు దాటేచోట అది 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. ఇక్కడి స్తంభం ఒకటి పొలం వైపు ఒరిగి ఉంది. కొలకర్ర పట్టుకుని క్లీనరు దిగబోతే గురువుగారు కసురుతారు. తీగ దగ్గరికి కర్ర పోకూడదు, ఫైబరైనా సరే. లేజరు మీటరు తీసి రోడ్డు మీది నుంచే కొలుస్తారు. ఇక్కడికి పొద్దున్నే ఎందుకు రాలేదో ఇప్పుడు చెబుతారు. వేడికి తీగ సాగుతుంది, లోడు పెరిగితే ఇంకా సాగుతుంది. తెల్లవారుజామున కొలిచిన ఎత్తు మిట్టమధ్యాహ్నానికి ఉండదు. సరుకు వచ్చేది ఏ వేళో ఎవరికి తెలుసు? అందుకని అతి తక్కువ ఎత్తున్న వేళే కొలవాలి. తర్వాత లైన్‌మాన్‌కి ఫోను. "తమ్ముడూ, ఒక పావుగంట ఎల్సీ కావాల, కాయితం మీ ఏఈ గారికి ఇస్తాం." ట్రైలరు దాటేసేదాకా లైను ఆపి ఉంచడానికి అనుమతి అది.

ఆఖరున రైల్వే గేటు. కాపలా ఉన్నది, మెయిన్ లైను మీద. గేటుకి రెండు పక్కలా, రోడ్డుకి అడ్డంగా హైట్ గేజి కమ్మీలు, 4.67 మీటర్లకి. లోపల పట్టాల మీద కరెంటు తీగ 5.5 మీటర్లకి తగ్గకుండా ఉంటుంది, అందులో 25,000 వోల్టులు. రెంటికీ మధ్య 83 సెంటీమీటర్లు. క్లీనరుకి ఆశ పుడుతుంది. "గురువుగారూ, కమ్మీ ఇప్పించేస్తే మన 5.1 ఆ తీగ కింద పట్టేస్తాది కదా?"

"తగలక్కర్నేదురా. ఆ వోల్టేజి దగ్గరికొస్తే సాలు, దూకుద్ది."

ఆ 83 సెంటీమీటర్లూ ఖాళీ స్థలం అనుకుంటాం మనం. అది కరెంటుకి వదిలిన స్థలం. మన సరుకు అక్కడ దాటాలంటే రైల్వేకి దరఖాస్తు పెట్టాలి, వాళ్ళు రైళ్ళు లేని వేళ చూసి, తీగలో కరెంటు ఆపి పవర్ బ్లాక్ ఇవ్వాలి, ట్రాక్షన్ సిబ్బంది వచ్చి నిలబడాలి, వాళ్ళ ఎదుటే కమ్మీ విప్పి బండి దాటించి మళ్ళీ బిగించాలి. పట్టాల మీదుగా కట్టిన పాత వంతెన ఎక్కుదామా అంటే అక్కడ ఎత్తు సమస్య పోయి బరువు సమస్య వస్తుంది, ఇంజనీరు సంతకం లేనిదే ఎక్కకూడదు. గురువుగారు గేటుకే మొగ్గారు. గేట్‌మాన్ రిజిస్టరు తెచ్చి గేటు నంబరు చూపించాడు. ఆయన రాసుకున్నారు.

మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది. రైలు ఆలస్యమై బ్లాక్ వాయిదా పడితే, ఆ పొడుగు ట్రైలరు గేటు నోట్లో నిలబడకూడదు. బొలేరో వెనక్కి తిరిగింది. గేటుకి కిలోమీటరు దూరంలో లారీలు తూచే కాటా ఒకటి, పక్కన విశాలమైన యార్డు. యజమాని బనీనుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గురువుగారు విషయం చెప్పారు. యజమాని తల అడ్డంగా ఊపాడు.

"రాత్రయితే క్వారీ లారీలు వరసగా వస్తాయండీ. మీ బండి పెట్టేస్తే నా లారీలు ఎక్కడ తిరుగుతాయి?"

బేరం మొదలైంది. డబ్బుల గురించి కాదు, వేళ గురించి. టీలు వచ్చాయి. క్లీనరు టేపు పట్టుకుని యార్డు పొడుగు, వెడల్పు, గేటు స్తంభాల మధ్య దూరం కొలిచాడు. స్తంభాల మీద ఉన్న రేకు బోర్డు ఎత్తు కూడా. అది తక్కువే, విప్పాలి. నాలుగు బోల్టులే కాబట్టి విప్పుకోమన్నాడు యజమాని. రెండు రోజుల ముందు చెబితే ఆ ఒక్క రాత్రీ తన లారీల్ని పక్క కాటాకి పంపిస్తానన్నాడు. గురువుగారు ఆయన ఫోను నంబరు, బోల్టుల సైజు, ‘2 రోజుల ముందు’ అన్న మాట మూడో గడిలో రాసి చుట్టూ గీత గీశారు.

బండెక్కుతుండగా ఆఫీసు నుంచి ఫోను. పార్టీ తొందర పెడుతోందట, ఎల్లుండి పుల్లరు కదిలించొచ్చా అని.

"రైల్వే కాయితం రావాల. ఏఈ గారి ఎల్సీ రావాల. కాటా వాడికి రెండ్రోజులు ముందు సెప్పాల. ఈ మూడూ అయ్యాక ఫోను నేనే సేస్తాను, మీరు సెయ్యకండి," అని పెట్టేసి, డ్రైవరుతో, "ఆర్చీ కాడ ఇంకోసారి ఆపు నాయనా, కుడి పక్క కొలత మీద నాకు నమ్మకం నేదు," అన్నారు.