నీలి ద్రవంలో నిలిచిన పేరు

బయోకెమిస్ట్రీ బోధించినన్నాళ్లూ ఫాస్ఫరస్ ప్రయోగం రోజున పిల్లల చేత ముందు ఆ పద్ధతి పేరు చదివించేదాన్ని: ఫిస్కే-సుబ్బారావు. నమూనాలో ఆమ్ల మాలిబ్డేట్ కలిపి, క్షయకరణ కారకం చేరిస్తే ద్రవం నీలమవుతుంది. ఆ నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. రికెట్స్‌తో కాళ్లు వంగిన పిల్లల రక్తంలో అది తరచూ తక్కువగా ఉంటుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. 1925లో ఈ పద్ధతిపై పత్రం వెలువడేనాటికి ఆయనకు పీహెచ్‌డీ లేదు. అది 1930లో వచ్చింది. అయినా గురువు సైరస్ ఫిస్కే పేరు పక్కనే శిష్యుడి పేరూ అచ్చయింది. ఆయన అందుకున్న తొలి గుర్తింపుల్లో అదొకటి.

ఆయన పరిశోధన చేస్తున్న హార్వర్డ్ మాత్రం శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అక్కడ ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో మెరుగుదల కనిపించింది. అది కొంతకాలమే నిలిచినా, పిల్లల క్యాన్సర్‌కు మందుంటుందన్న నమ్మకం అక్కడ మొదలైంది. ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు, 53 ఏళ్లకే.

పిల్లల వైద్యంలో పరిశోధన మొదలుపెట్టే యువతకు పురస్కారాలు ఇవ్వాల్సిందే. దాంతోపాటు పత్రం మీద పేరు, కాలు నిలదొక్కుకునే ఉద్యోగం కూడా వయసులో ఉండగానే అందాలి.