వానరకులమున అవ్వలు కలరా?



సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుండగా ఒకనాడు చింపాంజీని గూర్చి పాఠము చెప్పుచుంటిని. వెనుక బల్లపై నున్న బాలుడొకడు లేచి, "మాస్టారూ, చింపాంజీల్లో అవ్వలుంటారా?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. జంతువులు బ్రతికియున్నంత కాలము పిల్లలను కనుచునే యుండుననియు, కానుపు లుడిగిన పిమ్మట చిరకాలము జీవించుట మనుష్యస్త్రీకే చెల్లినదనియు బదులు చెప్పి వానిని కూర్చుండబెట్టితిని. నే నెరిగిన పుస్తకములందు అట్లే యుండెను. కాని ఆ యుత్తరము తప్పని 2023వ సంవత్సరమున తేలినది. అది యెట్లు తేలినదో, దాని వెనుక నూరేండ్ల కథ యేమున్నదో విన్నవించుటకే నేటి ప్రసంగము.

తోక లేని పెద్ద వానరములు నాలుగు తెగలు. చింపాంజీ, బొనోబో, గొరిల్లా యనునవి ఆఫ్రికా యడవులవి. ఒరాంగుటాన్ సుమత్రా, బోర్నియో ద్వీపములది. మలయా భాషలో ఒరాంగుటాన్ అనగా అడవి మనిషి యని యర్థము. మన పండితులును వానరశబ్దమునకు "వా నరః" అని, అనగా వీడు నరుడేమో యని సందేహింపదగినవా డని, యొక వ్యుత్పత్తి చెప్పుదురు. ఇరువురకును తోచిన సందేహ మొక్కటియే! ఇక ప్రసవమును గూర్చిన మాటలు పదుగురిలో చెప్పుటకు నేను సంకోచింపను. ఆవు ఎదకు వచ్చుటయు, చూడి యగుటయు, ఈనుటయు ఎరుగని రైతు లేడు. నేను చెప్పబోవునదియు అట్టిదే.

ఈ కథ క్యూబా ద్వీపమున హవానా నగరమందలి ఒక తోటలో మొదలగును. రోజాలియా అబ్రూ అను సంపన్నురాలు తన తోటలో అనేక వానరములను పెంచుచుండెను. 1915 ఏప్రిల్ 27వ తేదీన అచ్చట ఒక చింపాంజీకి మగపిల్ల పుట్టెను. దానికి అనుమా అని పేరిడిరి. మనుష్యుల చెరలో చింపాంజీ పుట్టుట అదియే మొదటిదని ప్రసిద్ధి. రాబర్టు యెర్క్సు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1924లో ఆ తోటకు వచ్చి, అచ్చటి వానరములను పరిశీలించి, మరుసటి యేడు గ్రంథమొకటి ప్రకటించెను. పిమ్మట 1930లో ఫ్లోరిడా రాష్ట్రమున ఆరెంజ్ పార్కు అను చోట ఆయన వానరశాలను స్థాపించెను. ఆ యేడే సెప్టెంబరు 11న అచ్చట తొలి శిశువు జన్మించెను. దానికి పెట్టిన పేరు ఆల్ఫా. అది గ్రీకు లిపిలో మొదటి యక్షరము, మన అకారము వంటిది.

ఆ శాలలో ఆడు చింపాంజీల దేహస్థితిని దినదినము వ్రాసి యుంచెడివారు. గర్భధారణకు అనువగు దినములు సమీపించిన కొలదియు వాటి వెనుకభాగము ఉబ్బి ఎఱ్ఱబారును. ఈ గుర్తును బట్టి లెక్కవేయగా, స్త్రీకి ఇరువదియెనిమిది దినముల కొకసారి తిరుగు ఋతుచక్రము చింపాంజీకి సుమారు ముప్పదియైదు దినముల కొకసారి తిరుగునని తెలిసెను. గర్భము మోయు కాలము ఇంచుమించు ఎనిమిది మాసములు. రోగులకు దినచర్య వ్రాయు వైద్యుని వలె ఓపికతో వ్రాసిన చిట్టాల వలన లభించిన జ్ఞానమిది.

అయితే ఈ చక్రమును లోపలనుండి త్రిప్పువా డెవడు? దేహమున కొన్ని గ్రంథులు గలవు. వాటినుండి మిక్కిలి స్వల్పమగు రసములు నెత్తుటిలో కలిసి, దూరమున నున్న అవయవములకు ఆజ్ఞలు కొనిపోవును. 1905లో స్టార్లింగు అను ఆంగ్ల వైద్యశాస్త్రజ్ఞుడు వీనికి హార్మోనులని పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఆ ధాతువునకు పురికొల్పుట యని యర్థము. 1928లో బెర్లిను నగరమున ఆష్‌హైము, జోండెకు అను వైద్యులు గర్భిణీస్త్రీల మూత్రమును చిట్టెలుకల దేహములోనికి ఎక్కించి, ఆ యెలుకల అండకోశములలో కలుగు మార్పును బట్టి గర్భమును నిర్ణయించు పరీక్షను ప్రకటించిరి. కొలది యేండ్లకే ఆ పరీక్ష చింపాంజీ విషయమునను చెల్లునని తేలెను. స్త్రీ గర్భమునందు పుట్టు హార్మోనే చింపాంజీ గర్భమునందును పుట్టుచున్న దన్నమాట. రూపమున కానవచ్చిన చుట్టరికమునకు మూత్రము కూడ సాక్ష్యము పలికినది.

ఇచ్చట నేను ఒక దుఃఖవార్త చెప్పక తప్పదు. ఆనాడు బోనులలోనికి చేరిన వానరశిశువులలో పెక్కింటిని ఆఫ్రికా యడవులలో తల్లులను చంపి తెచ్చిరి. తల్లి బ్రతికి యుండగా బిడ్డను విడువదు గదా! విచిత్ర మేమనగా, ఆ పాప మెంతటిదో తెలియజేసినదియు ఈ శాస్త్రమే. మన ఆవు మేత బాగున్నచో ఏడాదికో, ఏడాదిన్నరకో ఈనును. చింపాంజీ తల్లి బిడ్డకు నాలుగైదేండ్లు పాలిచ్చును. బిడ్డ పాలు కుడుచుచున్నంత కాలము తల్లి దేహములోని హార్మోనులు మరల అండము విడుదల కాకుండ అడ్డగించును. కావున కాన్పునకు కాన్పునకు నడుమ అయిదారేండ్ల ఎడముండును. ఒరాంగుటాన్‌కు ఆ యెడము ఏడెనిమిదేండ్లు. ఒక తల్లి తన జీవితమందు పెంచి పెద్దచేయు బిడ్డలను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అట్టి తల్లి నొకదానిని చంపిన యెడల ఆ లోటు తీరుటకు ఎన్ని యేండ్లు పట్టునో మీరే యూహింపుడు. ప్రయోగశాలలలో చింపాంజీలను రోగపరీక్షలకు వాడుట చాలకాలము సాగెను. 2015లో అమెరికా ప్రభుత్వము బోనులలోని చింపాంజీలను కూడ అంతరించు ప్రమాదములో నున్న ప్రాణులుగా ప్రకటించెను. వాటి దేహములకు నొప్పి కలిగించు పరిశోధనలకు తన సాయమును ఆ దేశపు ఆరోగ్యసంస్థ ఆ యేడే నిలిపివేసెను.

బోను లేకుండ, సూది గ్రుచ్చకుండ లోపలి సంగతి తెలిసికొనుట యెట్లు? 1959 ప్రాంతమున రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అను నిరువురు, కొలతకు అందని స్వల్పరసములను సయితము కొలువగల యొక యుపాయమును కనుగొనిరి. దానికై యాలో విదుషీమణికి 1977లో నోబెలు బహుమాన మొసగిరి. ఆ యుపాయమును, దాని ననుసరించి వచ్చిన తక్కిన పద్ధతులును ఉండుటచే చెట్టుపైనుండి జారిన కొన్ని మూత్రబిందువులే పరీక్షకు చాలినవి. షెరిల్ నాట్ అను విదుషి 1990 దశకమున బోర్నియోలోని గునుంగ్ పాలుంగ్ అడవిలో ఒరాంగుటాన్ల వెంట తిరిగి, చెట్ల క్రింద వేచియుండి, మూత్రమును సేకరించెను. పండ్లు విరివిగా కాచిన కాలమున అవి కడుపార తిని కొవ్వు కూర్చుకొనుననియు, పండ్లు కరవైనపుడు ఆ కొవ్వునే కరగించుకొని బ్రతుకుననియు మూత్రమే చెప్పినది. ఆ కరవు దినములలో ఆడువాటి ఈస్ట్రోజను అను హార్మోనును తగ్గునని కనుగొనిరి. మేత లేని ఆవు ఎదకు రాదని మన రైతు తరతరములుగా ఎరిగిన మాట ఇదియే.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వత్తును. యుగాండా దేశమున కిబాలే అడవిలో న్గోగో అను చోట 1995 నుండి చింపాంజీల నొక్కొక్కదానిని గుర్తించి, వాటి జననమరణములను వ్రాయుచున్నారు. ఆ చిట్టాలనుండి 185 ఆడు చింపాంజీల వృత్తాంతమును, 66 ఆడువాటినుండి సేకరించిన 560 మూత్రపు నమూనాలను పరిశీలించి 2023లో ఫలితములు ప్రకటించిరి. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట కాన్పులు తగ్గును. ఏబదియేండ్ల పిమ్మట కాన్పు ఒక్కటియు కానరాలేదు. అయినను వాటిలో కొన్ని ఏబదియేండ్లు దాటియు జీవించినవి. ఆ వయస్సున అండకోశపు హార్మోనులు తగ్గుటయు, వానిని పురికొల్పుటకై మెదడు క్రింది గ్రంథి విడుచు హార్మోనులు పెరుగుటయు మన స్త్రీలలో వలెనే కానవచ్చినవి. యౌవనమునకు వచ్చిన ఆడు చింపాంజీ ఆ సమూహమున తన వయోజనజీవితములో ఇంచుమించు అయిదవవంతు కాలము కానుపు లుడిగిన స్థితిలో గడుపునని లెక్క తేలెను. అంతకుముందు మనుష్యుని, కొన్ని తిమింగిల జాతులను విడిచిన, అడవిలో స్వేచ్ఛగా బ్రతుకు ప్రాణులలో ఇట్టిది స్పష్టముగా తెలియదు.

ఇందు ఒక చిక్కు గలదు. మన యిండ్లలో అవ్వ మనుమలను సాకును గనుక, వృద్ధస్త్రీ జీవించుట వంశమునకు మేలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని చింపాంజీ కూతురు యుక్తవయస్సు రాగానే సాధారణముగా పుట్టిన గుంపును విడిచి పోవును. కూతురి బిడ్డలను సాకు భాగ్యము ఆ తల్లికి లేదు. మరి ఆ ముదుసలి యెవరికొరకు బ్రతుకుచున్నది? తన కాన్పుల కొరకు పడుచువారితో పోటీపడకుండుటయే గుంపునకు మేలు కావచ్చునని కొందరందురు. న్గోగోలో ఆహారము సమృద్ధిగా నుండుటచేతను, చిరుతపులుల భయము లేకుండుటచేతను అవి అంత వయస్సు వరకు జీవించుచున్నవేమో యని మఱికొందరి ఊహ. ఈ తగవు ఇంకను తీరలేదు.

మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన లాకోన్సు ప్రయోగశాలయందును అడవిజంతువుల పేడను పరీక్షించి హార్మోనులను కొలుచుచున్నారు. నూరేండ్ల క్రిందట తల్లిని చంపి బిడ్డను తెచ్చిన విద్య, నేడు చెట్టు క్రింద దోసిలి పట్టి నిలిచినది. ఎంత దూరమున నిలిచెనో అంత సూక్ష్మముగా తెలిసికొనగలిగెను.

ఆ బాలుడు నేడు నడివయస్సు వాడై యుండును. ఆనాడు తరగతి నవ్వినపుడు వాని ముఖము చిన్నబోయిన సంగతి నాకు జ్ఞాపకమున్నది. ఈ ప్రసంగము వాని చెవిని బడిన యెడల నా మాట యిది: నాయనా, నీ ప్రశ్న సరియైనది, నా యుత్తరము తప్పు. చింపాంజీలలో అవ్వలు కలరు.