మెదక్ మహాదేవాలయం: పాత కట్టడానికి కొత్త వెలుగు

తెలుగు క్రైస్తవుల ఆరాధనా చరిత్రలో మెదక్ మహాదేవాలయానికి ఉన్న స్థానం విశిష్టమైనది. కరువు కాలంలో ఆకలితో అలమటించిన ప్రజలకు పని చూపి అన్నం పెట్టాలన్న సంకల్పంతో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ చేపట్టిన ఈ కట్టడం, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠితమై, 2024లో నూరేళ్లు పూర్తి చేసుకుంది. ఇటువంటి పాత ఆలయాలను పునరుద్ధరించేటప్పుడు గోడలు, పైకప్పుల మీద చూపే శ్రద్ధను దీపాల అమరిక మీద కూడా చూపడం అవసరం.

ఈ ఆలయానికి అసలు దీపాలు దాని రంగుటద్దాల కిటికీలే. వేదిక వెనుక క్రీస్తు ఆరోహణం, పడమటి వైపున జననం, తూర్పు వైపున సిలువ మరణం చిత్రితమైన ఈ మూడు గవాక్షాలు వెలుపలి నుంచి వెలుతురు పడినప్పుడే లోపలివారికి కనిపిస్తాయి. ఉదయం తూర్పు గవాక్షం, సాయంత్రం పడమటి గవాక్షం ప్రకాశిస్తాయి. చీకటి పడితే మూడూ నల్లని పలకలవుతాయి. లోపల దీపాల కాంతి మితిమీరితే పగటివేళ కూడా ఈ చిత్రాలు వెలవెలబోతాయి కనుక, కాంతిని తగ్గించి పెంచగల ఏర్పాటు తప్పనిసరి. తెల్లవారుజామునే మొదలయ్యే క్రిస్మస్ ఆరాధనలో బయట వెలుతురు పెరిగేకొద్దీ లోపలి దీపాలు క్రమంగా మందగిస్తే, తూర్పు గవాక్షం తనంతట తానే తేటపడుతుంది.

దీపాల ఎంపికలో మూడు కొలతలను గమనించాలి. కాంతి పసుపు ఛాయలో ఉందో నీలి ఛాయలో ఉందో తెలిపే కొలమానం కెల్విన్. రాతి స్తంభాలకు 2,700 నుంచి 3,000 కెల్విన్ల వెచ్చని కాంతి నప్పుతుంది. వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో తెలిపే సూచిక 100కు 90కి తగ్గకూడదు. ఒక చోట ఎంత వెలుతురు పడుతుందో చెప్పే లక్స్ కొలత, వృద్ధులు కీర్తనల పుస్తకం చదువుకునే వరుసల్లో దాదాపు 200 ఉంటే చాలు. స్తంభాల మధ్య నడవాలకు అంతకంటే తక్కువ సరిపోతుంది.

దీపాలను బిగించే పద్ధతి మరింత సున్నితమైనది. మెదక్ పైకప్పు లోపలి పొర ప్రతిధ్వనిని అణచేందుకు నిర్మించినది కనుక, దానికి రంధ్రాలు వేస్తే కట్టడంతో పాటు వినికిడికీ నష్టమే. తీగలను పాత సందుల్లో, గోడల ఎగువ అంచుల మీదుగా నడిపి, భవిష్యత్తులో రాయికి గాయం కాకుండా తీసివేయగల ఎల్‌ఈడీ దీపాలను కంటికి నేరుగా కనబడని చోట అమర్చడం ఉత్తమం.

కాగితపు మిల్లు, బొగ్గు గనుల పనికోసం వచ్చి మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారు తమ ప్రార్థనా మందిరాలను నవీకరించేటప్పుడు కూడా ఇదే క్రమాన్ని పాటించడం మంచిది: ముందుగా ఒక రోజంతా ఎండ ఏ వేళ ఎక్కడ పడుతుందో గమనించాలి, ఆ తరువాతే దీపాలు కొనాలి.