కొబ్బరిబొండం ఏ మంచానికి?

తెల్లవారుజాము నాలుగున్నర. పిల్లల వార్డు తలుపు తోసుకుని ఒక తండ్రి లోపలికి వస్తాడు, భుజం మీద పదకొండేళ్ళ కూతురు. మంచం మీద దించుతాడు. కాళ్ళు పడినచోటే ఉండిపోతాయి.

"రాత్రి అన్నం తిని బాగానే పడుకుంది మేడమ్. బాత్‌రూమ్‌కి లేవబోతే కాళ్ళు రావట్లేదంటోంది."

మీరు మంచం పక్కనే ఉన్నారు. డ్యూటీ డాక్టరు మోకాలి కింద సుత్తితో తడుతుంది. కాలు ఉలకదు. అరికాలు గీరితే మాత్రం పాప గిలిగింతలంటుంది. స్పర్శ ఉంది, బలమే లేదు. రెండు చెంపల మీదా, ముక్కు మీదుగా కలిసిపోయిన ఎర్రటి మచ్చ. పాత చీటీల్లో లూపస్ అని రాసి ఉంది, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు. పోయిన నెల మూత్రపరీక్షలో ప్రొటీన్ "నిల్". కిడ్నీల మాట అందుకే ఎవరూ ఎత్తలేదు.

ఈసీజీ కాగితం బయటికొస్తుంది. టీ అలలు చదునుగా పడుకున్నాయి, వెనకే యూ అల తల ఎత్తింది. డాక్టరు నోట ఒకటే మాట: "పొటాషియం."

"ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించు తల్లీ, నీరసం పోతుంది," నాయనమ్మ బతిమాలుతుంది.

"వద్దు మామ్మగారూ." గ్లూకోజ్ పడితే ఇన్సులిన్ పెరుగుతుంది, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియమూ కణాల్లోకి వెళ్ళిపోతుంది. వివరించే తీరిక ఆమెకు లేదు.

ల్యాబ్ నుంచి ఫోను. పొటాషియం 2.1, 3.5కి తగ్గకూడదు. బైకార్బొనేట్ 13, అంటే రక్తంలో ఆమ్లం పేరుకుంది. మూత్రం పీహెచ్ 7. ఇంత ఆమ్లం ఉన్నప్పుడు కిడ్నీ దాన్ని బయటికి నెట్టాలి, మూత్రం 5.5 కిందికి దిగాలి. దిగలేదు.

ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా వడపోత గుత్తులు, ఒక్కోదానికి వెనకాల ఒక సన్నటి గొట్టం. పెద్దవాళ్ళలో రోజుకు 180 లీటర్లు వడపడితే, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి చేర్చేది ఆ గొట్టమే. అయినా లూపస్ అనగానే అందరి చూపూ వడపోత మీదే. 2003 నాటి వర్గీకరణలో ఆరు తరగతులూ దాన్ని చూసి వేసినవే. మూత్రంలో ముంచే పట్టీ కూడా ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పడుతుంది. గొట్టం పాడైతే జారిపోయే చిన్న ప్రొటీన్లు దానికి ఆనవు. ఈ పక్షపాతం నాకు ఎప్పుడూ కొరుకుడు పడదు.

ఈ పాపలో దెబ్బ తిన్నది గొట్టం చివరి భాగం. ఆమ్లాన్ని నెట్టే కణాలు పనిచేయడం లేదు, పొటాషియం మూత్రంలో పోతోంది. ఆమ్లాన్ని సర్దడానికి ఎముకల్లోంచి కాల్షియం కరుగుతోంది. రెండేళ్ళ కిందటి గౌను ఇంకా సరిపోతోందని తల్లి ఇప్పుడు గుర్తుచేసుకుంటుంది. లూపస్‌కి వేసే స్టెరాయిడ్ మాత్రలూ ఎదుగుదలను ఆపుతాయి కాబట్టి తప్పు ఏ ఒక్కదానిదనీ చెప్పలేం.

పక్క మంచం మీద ఇంకో బాబు, అదే లూపస్. అతని గొట్టం పొటాషియాన్ని వదలదు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ తగ్గడానికిచ్చే ఎనలాప్రిల్ ఒకటి. పొటాషియం 6 దాటింది. అరటిపండు, బత్తాయి రసం, కొబ్బరినీళ్ళు బంద్. చుట్టాలు తెచ్చిన బొండం వాళ్ళమ్మ ఇటు చాపుతుంది: "మావాడికి వద్దన్నారు వదినా, మీ పాపకి పట్టు."

"తాగించండి," డాక్టరు అంటుంది, "కానీ దీనికి అది చాలదు." సెలైన్‌లో పొటాషియం కలిపి, మానిటర్ పెట్టి, చుక్క చుక్కగా ఎక్కిస్తున్నారు. బైకార్బొనేట్ తర్వాతే. ముందు అదిస్తే పొటాషియం ఇంకా జారి, ఊపిరి కండరాలు కూడా పడిపోవచ్చు.

మధ్యాహ్నానికి మోకాలు ముడుచుకుంటుంది. తండ్రికి ఇప్పుడు మాట పెగులుతుంది. "మూత్రంలో ప్రొటీన్ లేదన్నారు గదా మేడమ్?"

"లేదు. ఇకనుంచి అదొక్కటే చూడం," అంటూ ఆమె కేస్ షీట్ మీద రాస్తుంది: వచ్చిన ప్రతిసారీ పొటాషియం, బైకార్బొనేట్, మూత్రం పీహెచ్, ఎత్తు.