‘ఇచ్చట పొగ త్రాగరాదు’ – ఈ బోర్డు హోటలుకు ఎప్పుడొచ్చింది?

బస్సెక్కితే కనపడే ‘పొగ త్రాగరాదు’ అన్న రాత మీకూ నాకూ చిన్ననాటి నుంచీ తెలిసిందే. సరిగ్గా ఆ రాత కిందే కూచుని చుట్ట వెలిగించే పెద్దమనుషులూ మనకు తెలిసినవాళ్లే. బస్సులో, సినిమా హాల్లో ఎప్పటినుంచో ఉన్న ఈ మాట కాఫీ హోటల్లోకీ, బారులోకీ రావటానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. వచ్చేముందు పెద్ద రభసే జరిగింది. కోర్టుల దాకా పోయింది. ఆ రభసలో ఎవరెవరు ఏమన్నారు, మన ఆడవాళ్ల మాట అందులో ఎక్కడుంది అనేది ఈవేళ మీతో చెప్పుకుందామని.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. మాది వెలిగండ్ల. కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు మెట్టపొలాల్లో వర్జీనియా పొగాకు పండించేవాళ్ల మధ్య పెరిగినదాన్ని. మా దగ్గర పొగాకు అంటే సిగరెట్టు గుర్తుకు రాదండీ. పిల్ల పెళ్లి, పిల్లవాడి ఫీజు, తీర్చాల్సిన అప్పు గుర్తుకొస్తాయి. ఆకును కర్రలకు కట్టేదీ, బ్యారన్ నుంచి దిగిన ఆకును రంగు చూసి గ్రేడులుగా వేరుచేసేదీ ఎక్కువగా ఆడకూలీలే. కాబట్టి పొగ చెడ్డదని గొంతెత్తి చెప్పటం మా వైపు అంత తేలిక కాదు. ఆ కూలి డబ్బుతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే ఎట్లా చెబుతారు?

పొగను కట్టడి చెయ్యాలనటం కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లోనే పొగాకును తిడుతూ ఒక చిన్న పుస్తకం వేయించాడు. మొగుడి పొగతో భార్య పడే అవస్థను కూడా అందులో ప్రస్తావించాడంటే, రాజుగారికి ఆ మాత్రం తట్టినందుకు సంతోషించాల్సిందే. మన దేశంలో జహంగీరు చక్రవర్తి 1617లో ఎవరూ పొగ తాగకూడదని ఉత్తరువిచ్చాడు. ఎవరు విన్నారు గనక! ఆ తర్వాత మూడొందల ఏళ్లు తిరక్కుండానే మన గురజాడవారి గిరీశం స్టేజీ ఎక్కి చుట్టను పొగిడితే జనం విరగబడి నవ్వారు.

ఇక హోటలు సంగతి. పాత హోటళ్ల ముందు ‘ఫ్యామిలీలకు ప్రత్యేక గదులు కలవు’ అని రాసి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. గది అంటే గదేం కాదు. ఒక చెక్క పార్టిషను, గుమ్మానికి మాసిన తెర, లోపల ఒక బల్ల, నాలుగు కుర్చీలు. బయటి హాలు మగవాళ్లది. పేపరూ అక్కడే, రాజకీయమూ అక్కడే, సిగరెట్టూ అక్కడే. ఆడది హోటలుకు పోవటమే తప్పనుకున్న రోజులవి కాబట్టి ఆ తెర ఒక్క పొగ కోసమే కట్టారని నేననను. కానీ గమనించండి, హాల్లో పొగ మానమని మగవాళ్లకు ఎవరూ చెప్పలేదు, ఆడవాళ్లనే తెర వెనక్కి పొమ్మన్నారు. తెర కట్టినంత మాత్రాన పొగ ఆగుతుందా? మన ఆడవాళ్లు పొగ ఎరగనివాళ్లేం కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. దానివల్ల అంగిట్లో కేన్సరు వస్తుందని డాక్టర్లు చాలా ఏళ్ల కిందటే రాశారు. అయితే అది ఇంటి దగ్గర, తోటి ఆడవాళ్ల మధ్య కాల్చుకునే చుట్ట. హోటల్లో కాలు మీద కాలేసుకుని కాల్చింది కాదు.

పక్కవాడి పొగ మనకూ ముప్పేనని గట్టి లెక్కతో చెప్పినాయన జపాను దేశపు హిరయామా. ఆయన తాను పొగ తాగని 91,540 మంది ఇల్లాళ్లను పద్నాలుగేళ్ల పాటు గమనించాడు. బాగా సిగరెట్లు కాల్చే భర్తలున్న ఆడవాళ్లు ఊపిరితిత్తుల కేన్సరుతో చనిపోవటం, కాల్చని భర్తలున్నవాళ్లతో పోలిస్తే, దాదాపు రెండింతలని 1981లో ప్రకటించాడు. సిగరెట్టు కంపెనీలు ఆయన లెక్క తప్పని పత్రికల్లో హోరెత్తించాయి. తర్వాత కంపెనీల లోపలి కాగితాలు బయటపడ్డప్పుడు, ఆయన చెప్పింది సరైనదేనని వాళ్ల నిపుణులే అప్పట్లో అనుకున్నట్టు తేలింది! ఈ వాదమంతా ఏ మంత్రితోనూ మొదలవలేదు. నోరెత్తకుండా పక్కన కూచుని పొగ పీల్చిన భార్యల లెక్కతో బలం పుంజుకుంది. ఈ మాట ఎందుకనో ఎక్కడా పెద్దగా చెప్పరు.

మన దేశంలో 1999 జూలైలో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగటం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. బొంబాయి నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు దేశమంతటికీ ఉత్తరువులిచ్చింది. ఆసుపత్రులు, బళ్లు, గ్రంథాలయాలు, కోర్టులు, ఆఫీసులు, బస్సులు, రైళ్లు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. హోటలు పేరు లేదు. మన ఆంధ్రప్రదేశ్ కూడా 2002లో ధూమపాన నిషేధానికి సొంత చట్టం చేసుకుంది. చివరికి 2003లో పార్లమెంటు చేసిన చట్టంలో రెస్టారెంటు మాట చేరింది, 2004 మే 1 నుంచి ఆ నిషేధం అమలులోకీ వచ్చింది. దానికో తోక కూడా తగిలించారు. ముప్ఫై గదులున్న హోటలైనా, ముప్ఫై మంది కూచునే రెస్టారెంటైనా పొగరాయుళ్లకు విడిగా చోటు పెట్టుకోవచ్చునట. అంటే చట్ట ప్రకారం కనిగిరి బస్టాండు దగ్గర పది కుర్చీల టిఫిను హోటల్లో ఎవరూ కాల్చకూడదు. హైదరాబాదు పెద్ద హోటల్లో అయితే గది కట్టుకుని కాల్చుకోవచ్చు.

అసలు గొడవ 2008లో. గాంధీ జయంతి నుంచి హోటళ్లు, బార్లు, పబ్బులు, పనిచేసే చోట్లు అన్నింటిలోనూ పొగ బందు చేస్తూ కేంద్ర ఆరోగ్యమంత్రి అన్బుమణి రామదాసు నియమాలు తెచ్చారు. తప్పితే రెండొందల రూపాయల జరిమానా. విడిగా పొగ గది పెడితే చుట్టూ గోడలుండాలి, తలుపు దానంతటదే మూసుకోవాలి, పొగ మిగతా హాల్లోకి రాకూడదు. సిగరెట్టు కంపెనీ ఐటీసీ, హోటళ్ల సంఘమూ కోర్టుకెక్కాయి. గిరాకీ పోతుందన్నారు, డబ్బిచ్చి వచ్చిన మనిషిని వద్దని ఎట్లా అంటామన్నారు, ఎవరిష్టం వాళ్లదన్నారు. సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆ నియమాలను ఆపటానికి ఒప్పుకోలేదు. మూడో రోజుకల్లా అమలులోకి వచ్చాయి.

నన్నడిగితే, ఆ వాదన చేసిన రెండు పక్షాలూ గిరాకీగా వచ్చే మనిషి గురించే ఎక్కువ మాట్లాడాయి. కాల్చే గిరాకీకి స్వేచ్ఛ కావాలని ఒకరు, కాల్చని గిరాకీకి ఆరోగ్యం కావాలని ఇంకొకరు. గిరాకీ ఉండేది అరగంట. పొద్దున ఐదింటికి వచ్చి రాత్రి పదింటిదాకా ఉండే మాస్టరు, సర్వరు, బల్లలు తుడిచే కుర్రాడు, వెనక గిన్నెలు తోమే ఆడమనిషి? ఐర్లండులో 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచోట్లన్నింటా పొగ మాన్పించినప్పుడు ఆరోగ్యమంత్రి మీహాల్ మార్టిన్ ఈ పనివాళ్లనే ముందు పెట్టుకుని వాదించాడు. పబ్బులు మూతపడతాయని యజమానులు గోలపెట్టినా, పనివాడి ఊపిరి దగ్గర వాళ్ల మాట నిలబడలేదు. అక్కడ ఒక దేశమంతా అట్లా చెయ్యటం ప్రపంచంలో అదే మొదలు. మన దగ్గర ఆ మాట నియమాల్లో ‘పనిచేసే చోటు’ అన్న రెండు ముక్కలుగా ఉంది గానీ, జనం నోట్లోకి రాలేదు.

మరి మన ఆడవాళ్లు ఎందుకు కదల్లేదు? 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోదే. అదే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేస్తే 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే పోయింది. అది రెండేళ్లు నిలిచి 1997లో సడలిపోయిందనుకోండి, అయినా ప్రభుత్వాన్ని కదిలించారు కదా! పొగ దగ్గరకొచ్చేసరికి ఆ ఊపు లేదు. సారా తాగినవాడు రాత్రికి రాత్రి ఇంటిని కొల్లగొడతాడు, చేయి చేసుకుంటాడు. పొగ అట్లా కనపడదు, ఇరవై ఏళ్లు పడుతుంది. రెండోది నేను ముందే చెప్పాను, పొగాకు మనకు కూలి. తడి ఆకు పట్టుకుని రోజంతా పనిచేస్తే నికోటిన్ చర్మంలోంచి దిగి తల తిప్పుతుంది, వాంతులవుతాయి. అయినా మర్నాడు పోతారు.

నిషేధం వస్తే మన రైతు మునుగుతాడని అప్పట్లో చాలామంది భయపెట్టారు. మన వర్జీనియా పొగాకులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. దాని ధర వేలం కేంద్రానికి కొనుగోలుదారులు ఎందరొచ్చారు, పై దేశాల్లో పంట ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది, బారులో ఎవడో కాల్చే సిగరెట్టును బట్టి కాదు. 2015లో గిట్టుబాటు లేక ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. హోటళ్ల బోర్డుకూ దానికీ ముడిపెట్టటం ఆ కుటుంబాల దుఃఖాన్ని వేరేవాళ్ల లాభానికి వాడుకోవటమే.

బోర్డు పనిచెయ్యలేదా అంటే, కొంత చేసింది. దేశవ్యాప్త సర్వే ప్రకారం రెస్టారెంట్లలో పక్కవాడి పొగ పీల్చినవాళ్లు 2009-10లో వందకు పదకొండుమంది, 2016-17లో ఏడుగురు. ఇళ్లల్లో పీల్చినవాళ్లు యాభై రెండు నుంచి ముప్ఫైతొమ్మిదికి దిగారు. దిగినా ఎంత ఉందో చూడండి! ఇంటికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. 2020 చివర్లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా బయటపెట్టింది. హోటళ్లలో, విమానాశ్రయాల్లో పొగ గదులు ఎత్తెయ్యాలనీ, జరిమానా రెండువేలు చెయ్యాలనీ అందులో ఉంది.

నియమాల ప్రకారం హోటలు గుమ్మంలో అరవై సెంటీమీటర్ల వెడల్పున బోర్డుండాలి, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ మనిషి పేరుండాలి. లోపల అగ్గిపెట్టె, లైటరు, యాష్‌ట్రే ఇవ్వకూడదు. మా వైపు చిన్న హోటళ్లలో గల్లాపెట్టె పక్కన వేలాడుతూ నెమ్మదిగా రాజుకునే కొబ్బరితాడు అట్లాగే బయటికి పోయింది. పోయి పక్క బడ్డీకొట్టు గుంజకు చేరింది. వీధి చట్టంలోకి రాదు కాబట్టి మగవాళ్లు టీ గ్లాసు పట్టుకుని గుమ్మం బయట నుంచుని కాలుస్తారు. మన హోటళ్లలో దోసెల పెనం ఎక్కడ పెడతారో మీకు తెలుసు కదా, సరిగ్గా ఆ గుమ్మం పక్కనే. దాని ముందు పొద్దున్నుంచీ నిలబడి దోసెలు పోసే మనిషి చాలాచోట్ల ఆడమనిషే.